క్లచ్ లేని పడవ

మూడోసారి తడిసి ఇంటికి చేరిన రోజు మా ఆవిడ అమలమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. తువ్వాలు ఇచ్చింది, టీ ఇచ్చింది, నా బూట్లలో నీళ్లు కుండీలో మందార మొక్కకి పోసింది. ఆ తర్వాత వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసి, నాకు వినపడేంత గట్టిగా మాట్లాడింది.

"ఆమోసూ, ఆ పడవ నీకు కావాలన్నావుగా. మీ బావగారు ఇంకోసారి తడిసిన చొక్కాతో గడప తొక్కారంటే ఆ పూటే వచ్చి పట్టుకుపో. మోటారుతో సహా."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "విన్నారుగా?"

విన్నాను. ఎడమ చెవిలో నీళ్లు ఉన్నాయి గానీ కుడిచెవి బాగానే ఉంది.

నేను ఆర్టీసీలో ముప్పై ఒక్క సంవత్సరం బస్సు నడిపాను. అంతకాలం నా వీపు వెనక ఎప్పుడూ అరవై మంది ఉండేవారు. దగ్గేవాళ్లు, చిల్లర కోసం పోట్లాడేవాళ్లు, కిటికీలోంచి తల బయట పెట్టి వాంతి చేసుకునేవాళ్లు. వాళ్లెవరూ నాకు కనపడరు. కానీ మెడకు తెలుస్తూ ఉంటుంది. రిటైరయ్యాక చేపలు పడతానంటే నాకు చేపలంటే ఇష్టమని అందరూ అనుకున్నారు. నాకు కావలసింది చేప కాదు, వెనకాల ఎవరూ లేని ఒక సీటు. గొల్లపూడి దాటాక నది ఒక పక్కకి ఒదిగిన పాయలో, పన్నెండు అడుగుల ఫైబర్ పడవ ముక్కు మీద, ఆ సీటు దొరికింది. ఆమోసు పట్టుకుపోయేది దాన్ని.

చిక్కంతా మోటారుతో వచ్చింది. కొరమీను నీళ్ల మీద అల్లుకున్న గుర్రపుడెక్క అంచున, నీడలో పడుకుంటుంది. తెడ్డు చప్పుడైతే చాలు, వెళ్లిపోతుంది. అందుకని పడవ ముక్కుకి చిన్న బ్యాటరీ మోటారు బిగించుకున్నాను. దాన్ని కాలితో నడపాలి. పెడల్ మీద మునివేళ్లు నొక్కితే పడవ కుడికి తిరుగుతుంది, మడమ నొక్కితే ఎడమకి. బొటనవేలి దగ్గరి బొత్తాం అదిమితే ముందుకి పోతుంది, వదిలితే ఆగుతుంది. చేతులు రెండూ గాలానికి ఖాళీ. చెప్పుకోవడానికి ఎంత బాగుందో!

నిజానికి మొదటి గంట బాగానే ఉండేది. ఎడమకాలు పెడల్ మీద, బరువంతా కుడికాలి మీద. నీళ్ల మీదికి, ఎరగా కట్టిన రబ్బరు కప్పని విసిరి మెల్లగా లాగుతూ ఉండేవాణ్ణి. అప్పుడు కొరమీను నోరు తెరిచి కప్పని అందుకునేది. ఆ క్షణంలో నా ఎడమకాలు, నన్ను అడక్కుండా, పెడల్‌ని అడుగంటా తొక్కేసేది. పడవ కుడివైపుకి ఎగిరి దూకేది. నేను ఎడమవైపు నుంచి నీళ్లలోకి.

రోడ్డు మీద గేదె అడ్డం వస్తే డ్రైవరు ఏం చేస్తాడు? ముందు క్లచ్ తొక్కుతాడు. ఆలోచన తర్వాత వస్తుంది. నన్ను రిటైర్ చేసినప్పుడు శాలువా కప్పి, దండ వేసి పంపించారు. నా ఎడమకాలికి మాత్రం ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. అది ఇంకా డ్యూటీలోనే ఉంది.

మర్నాడే ఆటోనగర్ వెళ్లాను. అబ్దుల్ రవూఫ్ అక్కడ బస్సులకి సీట్లు కడతాడు. మా డిపో పాత బస్సుల్లో సగం సీట్ల కింద అతని చెయ్యి ఉంది. ఫోన్‌లో నేను తీసుకున్న పడవ ఫొటో చూసి నవ్వాడు.

"జీవరత్నం అన్నా, ఏదీ, ఓసారి ఆ పెడల్ మీద ఎలా నిలబడతావో చూపించు."

ఒక ఇటుక మీద ఎడమకాలు పెట్టి నిలబడ్డాను. అతను చుట్టూ తిరిగి చూశాడు.

"అచ్చం కొంగలా ఉన్నావు. ఒక కాలు ఎత్తు మీద, ఒక కాలు పల్లంలో. నడుం ఓ పక్కకి వొరుగుద్ది. పడవ కాదు అన్నా, నువ్వే సగం పడిపోయి ఉన్నావు. మోటారు మిగతా సగం పడేస్తంది."

"కుడికాలు పెట్టి చూడనా?"

"కుడికాలు ఏం చేసుద్ది కంగారులో?"

కాస్త ఆలోచించాను. "బ్రేకు తొక్కుద్ది."

"మరింకేం. చేపలు పట్టటానికి నీకు మూడోకాలు కావాల."

రెండు రోజుల్లో అతను పడవ ముందు పలక కోసి, పెడల్‌ని లోపలికి దించాడు. ఇప్పుడు రెండు పాదాలూ ఒకే ఎత్తులో ఉంటాయి. నడుము ఆనించుకోవడానికి చిన్న ఎత్తుపీట వేస్తానన్నాడు. సగం నిలబడి, సగం కూర్చుని ఉండొచ్చు, అదే మంచిదని చెప్పాడు. అప్పుడు నా కన్ను షెడ్డు మూలన పడింది. తుక్కుకి వెళ్లిన బస్సులోది, డ్రైవరు సీటు. వెనక ఆనుకునే చోట రెగ్జిన్ చిరిగి, కింద స్ప్రింగు ఇంకా గట్టిగా ఉన్న సీటు.

"అది వెయ్యి రవూఫ్ భాయ్."

"అన్నా, అది బస్సు సీటు."

"దానంత సుఖం ఇంకెక్కడుంది? నా నడుముకి అలవాటు."

అతను గడ్డం గోక్కున్నాడు. సీటు బిగించాడు.

ఆ సీట్లో కూర్చున్న మొదటి ఉదయం నా జీవితంలో హాయైన ఉదయాల్లో ఒకటి. వీపు దానంతట అదే సర్దుకుంది. మోకాళ్లు ఎక్కడ ఉండాలో అక్కడికి వెళ్లాయి. నీళ్ల మీద పొగమంచు, దూరంగా హైవే మీద లారీల హోరు. ఎంత హాయిగా ఉందంటే, ఎడమచెయ్యి రెండుసార్లు గేరు రాడ్ కోసం గాలిలో వెతికింది. అప్పుడైనా నాకు అర్థం కావలసింది. అసౌకర్యంగా నిలబడ్డ మనిషికి తానెక్కడున్నాడో గుర్తుంటుంది. ఒళ్లు పూర్తిగా సుఖపడితే ఇప్పటి సంగతి మరిచిపోయి, ఒకప్పటి పనిలోకి దిగిపోతుంది. పడవలో ఉన్నది నేను. నా ఒళ్లు అవనిగడ్డ రూటులో ఉంది.

కొరమీను కప్పని అందుకుంది. ఎడమకాలు, ముప్పై ఒక్క సంవత్సరం అనుభవంతో, సీటు దన్ను చూసుకుని మరీ తొక్కింది. స్ప్రింగు నన్ను పైకి విసిరింది. నాలుగోసారి.

నాకు ముందుచూపు లేకపోలేదు. బీసెంట్ రోడ్డులో ఒకే రకం గళ్ల చొక్కాలు రెండు కొని, ఒకటి ఓ ప్యాంటుతో పాటు ప్లాస్టిక్ సంచిలో పెట్టి పడవలో దాచాను. కొన్నప్పుడు వీటితో ఏం పని అని నన్ను నేను అడగలేదు. మోసం చెయ్యబోయేవాడు ముందు తనకే ఆ సంగతి చెప్పడు. ఒడ్డున చొక్కా, ప్యాంటు మార్చుకుని, తల ఎండబెట్టుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లాను.

అమలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. చొక్కా పట్టుకుని చూసింది. పొడిగా ఉంది. వంటగదిలోకి వెళ్లి నా ఎడమవైపు నుంచి, పెదవులు కదిలీ కదలకుండా ఏదో అంది.

"ఆఁ?" అన్నాను, తల వంచి కుడిచెవి అటు తిప్పుతూ.

"ఏం లేదు. పప్పులోకి మామిడికాయ వెయ్యనా అన్నాను." కూర తిప్పే గరిటె నా వైపు చూపించింది. "చెవిలో నీళ్లు ఎట్టా వచ్చినయ్యండీ, డ్రైవరు గారూ?"

ఆమె ఇరవై ఏళ్లకి పైగా కండక్టరు. టిక్కెట్టు లేని మనిషి మొహం నాలుగు వరసల అవతల నుంచే పట్టేస్తుంది. నేను గోడవైపు చూశాను.

"షరతు చొక్కాకి పెట్టాను కాబట్టి కేసు రాయలేను," అంది. "రేపు నేనూ వస్తా. నా కళ్ల ముందు తడవకుండా ఒక్క చేప పట్టండి, పడవ మీది. తడిశారా, రేవులోనే ఆమోసు చేతికి. వాణ్ణి ట్రాలీ ఆటో తెచ్చి సిద్ధంగా ఉండమంటా."

"వెనక కూర్చుంటావా?"

"ఇంకెక్కడ కూర్చుంటా? మీ ఒళ్లో కూర్చుంటానా?"

వెనక ఎవరూ లేని చోటుని కాపాడుకోవడానికి వెనక ఒక మనిషిని ఎక్కించుకోవాల్సి వచ్చింది. సాయంత్రం రవూఫ్‌ని బతిమాలితే రేవుకి వచ్చి, స్ప్రింగు తీసేసి చెక్కదిమ్మ పెట్టాడు. సీటుకి రెండు పక్కలా ఇనప కడ్డీలు వేశాడు. "ఇక నువ్వు పడవు," అన్నాడు. "నీ కాలి సంగతి నాకు తెలవదు. అది సీటు పని కాదు."

పొద్దున్నే బయల్దేరాం. అమలమ్మ వెనక పలక మీద టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా మెడ వెంటనే ఆమెని కనిపెట్టింది. ఆమె గాజులు, ఆమె దగ్గు, ఆమె నిశ్శబ్దం. పెళ్లయిన జంటకి డిపోలో ఒకే డ్యూటీ వెయ్యరు గానీ, మాకు ఎలాగో రెండేళ్లు అవనిగడ్డ రూటులో కలిసి పడింది. ఆ రెండేళ్లు వెనక నుంచి ఆమె గొంతు వింటూ బస్సు నడిపాను. ఆ సంగతి మరిచిపోయానని అనుకున్నాను.

గంట గడిచింది. చేప లేదు. ఆమె ఇడ్లీ ఇవ్వడానికి లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడు గుర్రపుడెక్క పక్కన నీళ్లు పగిలాయి. దారం బిగిసింది. నా ఎడమకాలు తొక్కింది. పడవ దూకింది.

"హోల్డాన్!" అని అరిచింది అమలమ్మ.

పాతికేళ్ల కిందట బస్సు ఆపించిన గొంతు. కాలు ఇంకా లోతుకి, పలక పగిలిపోయేంతగా తొక్కింది. పడవ గుర్రపుడెక్కని చీల్చుకుంటూ గిర్రున తిరిగింది. వెనకాల పెద్ద చప్పుడైంది. దారం వదులైంది, చేప పోయింది. కడ్డీల మధ్య నేను మాత్రం కదల్లేదు.

వెనక్కి తిరిగి చూశాను. అమలమ్మ నడుంలోతు నీళ్లలో నిలబడి ఉంది. తల మీద ఒక గుర్రపుడెక్క దుబ్బు, ఊదారంగు పువ్వుతో సహా. చేతిలో టిఫిన్ డబ్బా మూత. ఇడ్లీలు ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి.

అటువంటప్పుడు మంచి భర్త ఏం అడగాలో నాకు తెలుసు. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

"నా చొక్కా పొడిగా ఉంది."

ఆమె దోసిట్లోకి నీళ్లు తీసుకుంది. నా చొక్కావైపు చూసింది. నీళ్లవైపు చూసింది. ఒక్క విసురు చాలు, ఆమోసు పడవ కట్టుకుని వెళ్లిపోతాడు. కాసేపటికి వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారిపోనిచ్చింది.

"దొంగ కేసు రాయటం నాకు చేత కాదు," అంది. తర్వాత పువ్వు తీసి పక్కన పెట్టి, ఏదో లెక్క కట్టేదానిలా నన్ను చూసింది. "ఇందాక మీరు ఇంకా గట్టిగా తొక్కారే?"

"నువ్వు హోల్డాన్ అన్నావుగా."

"హోల్డాన్ అంటే?"

"క్లచ్ తొక్కుతాను."

"రైట్ రైట్ అంటే?"

"వదుల్తాను."

ఆమె మొహంలోకి మెల్లగా ఒక నవ్వు వచ్చింది. పెళ్లైన కొత్తలో ఒకటి రెండుసార్లు చూశాను. నాకు మంచిది కాదని అప్పుడే తెలుసు. పడవ అంచు పట్టుకుని పైకెక్కి, కొంగు పిండుకుని, తన చోట కూర్చుంది. "పోనియ్యండి," అంది.

రెండో కొరమీను పదిన్నరకి పట్టింది. కాలు తొక్కింది. పడవ దూకబోయింది.

"రైట్... రైట్," అంది వెనక నుంచి, తొందర లేకుండా, చివరి ప్రయాణికుడు ఎక్కాక అనే తీరులో.

పాదం దానంతట అదే లేచింది. పడవ నీళ్ల మీద నిలిచిపోయింది. నా చేతుల్లో గాలం కర్ర, దాని చివర బతికున్న బరువు, నడుము నిటారుగా. నేనసలేమీ చెయ్యలేదు. ఇన్నేళ్లూ బస్సు నడిపింది ఎవరా అని నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. కొరమీను కిలోన్నర ఉంటుంది. వలబుట్టలోకి వచ్చింది.

తిరుగు దారిలో నాకు గర్వం ఎక్కువైంది. రేవు కనపడగానే సీట్లోంచి లేచి, పెడల్ మీద ఎడమకాలు ఉంచి, కడ్డీల బయటికొచ్చి, ఆమోసుకి కనపడేలా చేప ఎత్తి పట్టుకున్నాను. ట్రాలీ ఆటోకి ఆనుకుని అతను చెయ్యి ఊపాడు. చొక్కా పొడిగా, ఇస్త్రీ మడత కూడా చెదరకుండా ఉంది. ఒడ్డు ఇంకా పది అడుగులు.

మెడ మీద వెంట్రుకలు లేచాయి. వెనకాల ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"అమలా, వద్దు," అన్నాను.

"హోల్డాన్," అంది అమలమ్మ, చాలా మెత్తగా.

నేను తేరుకునేసరికి మోకాలిలోతు నీళ్లలో కూర్చుని ఉన్నాను. చేప మాత్రం వదల్లేదు. ఆమోసు ఒడ్డుకి పరిగెత్తుకొచ్చి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చేతిలో తాడు ఉంది.

"అక్కా, బావగారు తడిశారు. పడవ కట్టెయ్యనా?"

"నీకెందుకురా అంత తొందర? ఆయన పడలేదు, నేను దించాను." ఆమె నీళ్లలోకి దిగి, నా చేతిలోంచి కొరమీను తీసుకుంది. "చేప పడ్డప్పుడే ట్రిప్పు అయిపోయింది. డిపోలో జరిగింది ట్రిప్‌షీట్లో రాయరు."

"మరి ఆటో కిరాయి?"

"బ్యాటరీ ఎక్కించు, ఇంటిదాకా తీసుకురా. ఆదివారం గుడి నుంచి రాగానే మళ్లీ తేవాలి." నా వైపు తిరిగింది. "ఆ వెనక పలక గట్టిగా ఉంది. నడుం లాగేస్తంది. రవూఫ్ గారికి చెప్పి నాకూ ఒక సీటు వేయించండి. కండక్టరు సీటు."

చెవిలో నీళ్లు పోవడానికి నేను ఒంటికాలి మీద గెంతుతున్నాను. అయినా ప్రతి మాటా స్పష్టంగా వినపడింది.