జపాన్ బొమ్మల అత్త

మా తమ్ముడు ముత్తన్న ఇప్పటికీ అంటడు, "అక్కా, ఆ కథ నువ్వు మొత్తం తప్పు చెప్పినవ్" అని. అననీ. దుబాయ్‌ల జపాను ఇంజనీరు కింద కరెంటు పని చేసినంత మాత్రాన వానికి కథలు తెల్సినట్టా? నాందేడ్‌ల, వజీరాబాద్ గల్లీల, మా ఇంటి ముందటి అర్రల కూసుండి ఆ కథ చెప్పింది నేను. ఎవలు విన్నరో, విని ఏం చేసిండ్రో నాకు తెల్సు, వానికి తెల్వదు.

ఎనబై ఆరుల ముచ్చట. ముత్తన్న దుబాయ్ నుంచి వీసీఆర్ తెచ్చి మా ఇంట్ల పెట్టిండు. మా ఆయన శంకర్రావుకు మోండా బజార్ల కిరాణ దుకాణం. పొద్దుగాల పోతే మాపటికి గని ఇల్లు యాదికి రాదు. ఇగ పగటీలి అన్నాలు తిన్నంక ఆ అర్ర నాది. గల్లీల ఆడోళ్ళందరు వస్తుండ్రి. ఒకామె చాయ్‌పత్తి తెస్తే ఒకామె చక్కెర తెచ్చేది. బొంబాయి సినిమా పెట్టేది నేను. హిందీ రాని ముసలోళ్ళకు తెలుగుల చెప్పేది గూడ నేనే. "ఇందుబాయి చెప్తే సినిమాకంటే మంచిగుంటది" అంటుండ్రి. నిజమే, మంచిగనే ఉంటుండె.

పక్కింట్ల పార్వతీబాయి, నేను పార్వతత్త అంట, ఆమె కోడలు యమున. పార్వతీబాయి కొడుకు మారోతి, అంటే యమున పెనిమిటి, కామెర్లతోని పోయిండు. ఇంట్ల ఇద్దరే ఇద్దరు ఆడోళ్ళు మిగిలిండ్రు. యమునకు ముప్పై గూడ నిండలే, తెల్ల చీర, ఉత్త చేతులు. చూస్తే నాకు పానం ఉసూరుమనేది.

భోకర్‌ల బాబురావ్ అని పత్తి వ్యాపారం చేసేటాయన ఉన్నడు, మా కులపాయనే. భార్య పోయింది, మీరా అని చిన్న బిడ్డ ఉన్నది. యమునను చేసుకుంట అని కబురు చేసిండు. కబురు మోసింది నేనే. రైతుల ఇండ్లల్ల మారుమనువు ఎప్పటినుంచో ఉన్నదే, ఎవలు నోరెత్తరు. మా దుకాణందారుల ఇండ్లల్ల మాత్రం లేదు. మాకు పరువు ఎక్కువ గదా!

పార్వతత్త వద్దనలే. వద్దంటే నేను కొట్లాడేదాన్ని. ఆ ముచ్చట ఎత్తంగనే చెంబు పట్టుకొని లేసి వెనకకు పోయేది. నెల రోజులు గిదే తమాషా. ఒకనాడు యమునను పట్టుకొని అడిగిన, "నీ మనసుల ఏమున్నదే?" అని.

"పోవాలనే ఉన్నది వదినా. అబద్ధం ఎందుకు చెప్పాలె?" అన్నది. "గని అత్త తన నోటితోని పో అంటే గని నేను గడప దాట. ఆమెకు నేను తప్ప ఎవలున్నరు?"

అటు భోకరోళ్ళు, "ఈ వారంల జవాబు చెప్పకుంటే నాయ్‌గావ్ సంబంధం ఖాయం చేసుకుంటం" అని కబురు పంపిరి. నాకు మస్తు కోపమొచ్చింది. ఎవలి మీద రావాల్నో తెల్వక అందరి మీద వచ్చింది.

ఆ వారంలనే ఒకనాడు, అర్ర నిండ ఆడోళ్ళు కూసున్నంక, బొంబాయి క్యాసెట్ల రీలును వీసీఆర్ కసకస నమిలేసింది. "అగ బాయి! ఇగ లేద్దాం పాండ్రి" అని అనుసూయాబాయి కొంగు దులుపుకుంటున్నది. ఈ గల్లీల దేనికైన వంక పెట్టేది ఆమెనే.

"కూసో! ఇంకోటి ఉన్నది" అన్న.

ఉన్నది జపాను బొమ్మల సినిమా. ఇంజనీరు తన దేశం పోయేటప్పుడు యాదికి ఉంచుకొమ్మని ముత్తన్నకు ఇచ్చిండట. ముందటి భాగం జరంత చూసిన, తర్వాత పాలు పొంగితే లేసి పోయిన.

"బొమ్మలా? మేమేమన్న పోరగాండ్లమా?" అన్నది అనుసూయాబాయి. "మాటలు జపానీలనా? నీకు జపానీ ఎప్పుడొచ్చింది?"

"మొఖాలు చూస్తే తెల్వదా? వాళ్ళు తినేది గూడ అన్నమే" అన్న.

పెట్టిన. సముద్రం ఒడ్డున ఊరు. ఒక గడ్డి కప్పు ఇల్లు. ఒక ముసలామె, ఒక చిన్నామె, ఒక పడవ నడిపే పిలగాడు. ముసలామె చిన్నామెకు బకెట్ చూపిచ్చి ఏదో అన్నది. చిన్నామె నీళ్ళకు ఉరికింది. "ఇగో, అది అత్త, ఇది కోడలు, వాడు కొడుకు" అని చెప్పేసిన. నీళ్ళకు పంపిందంటే అత్తనే గదా! అందరు ఒప్పుకున్నరు.

ముందుగాల కిసకిస నవ్విండ్రు. జరసేపట్ల నవ్వుడు బంద్ అయింది. ఎందుకు గాదు? బొంబాయి సినిమాల అన్నం ఉడుకుడు ఎప్పుడన్న చూసిండ్రా? పొయ్యి మీద గిన్నె పెట్టంగనే ఎవడో తలుపు తన్నుకుంట వస్తడు. ఈ జపానోళ్ళు అన్నం ఉడికేదాంక చూపిచ్చిండ్రు. మూత కదులుడు, గంజి పొంగుడు, ముసలామె ఊదుడు. కొట్లాట లేదు, విలన్ లేడు. చేపలు కొనే షావుకారి గూడ, తూకంల కసురుకుంటడు గని, పక్కకు పోయి దగ్గు ఆపుకుంటడు. వాని బాధ వానికి ఉన్నదని తెలుస్తది. గీసిన మనుషులు, నెత్తురు మాంసం లేని మనుషులు, మన గల్లీల మనుషుల తీరుగ కాళ్ళు నొప్పిలేసి నడుం పట్టుకుంటున్నరు. కథ చెప్పుడంటే ఇది. ఎవలన్న కాదంటే నాతోని మాట్లాడుమనుండ్రి.

పడవ పోయింది. గాలి లేసింది. పడవ మర్లి రాలే. ముసలామె ఒడ్డు మీద చేతులు నీళ్ళల్ల పెట్టి కూసున్నది. నేను చెప్పవట్టిన, "కొడుకు పోయిండు" అని. పార్వతత్త గోడకు ఒరిగి కూసుండె, కదలలే.

తర్వాత ముసలామె చిన్నామెకు నెత్తి దువ్వి, తెల్ల బట్టలు తొడిగింది. మీది నుంచి కింది దాంక తెలుపే, నెత్తి మీద గూడ తెల్లగుడ్డ.

"పెనిమిటి పోయిండు గదా, తెల్లబట్ట కట్టిచ్చిండ్రు" అని చెప్పి నాలిక కరుసుకున్న. యమున తల కిందికేసి తన కొంగు సదురుకుంటున్నది.

ఇగ అప్పుడు లొల్లి మొదలైంది. ఆ తెల్లబట్టలామె పెదవులకు ఎర్రరంగు పూసిండ్రు! ఎర్ర గొడుగు పట్టిండ్రు! ఊరంత ఎంట నడుస్తున్నరు, ముసిముసి నవ్వుతున్నరు. చివరికి ఒక నల్లబట్టలాయన పక్కన కూసోబెట్టి, చిన్న గిన్నెల ఏదో పోసిస్తే ఇద్దరు వంతులేసుకొని తాగుతున్నరు.

"ఏమే ఇందూ! పెనిమిటి సచ్చిన ఇంట్ల ఈ దావతేంది?" అని అనుసూయాబాయి కేకేసింది. "తెల్వకుంటే తెల్వదని చెప్పరాదూ!"

జపాను దేశంల పెండ్లిపిల్లనే తెల్లబట్టలు కడ్తదని, ఆ ముసలామె కన్నతల్లని, పడవల పోయినోడు అన్న అని ముత్తన్న చెప్పింది ఎప్పుడో తర్వాత. అప్పుడు నా ముందట ఉన్నది గదే, తెల్లబట్టలామె పెండ్లికి కూసున్నది. తెల్వదని నేను జన్మల అనలే, అప్పుడు అంటనా?

"మారుమనువు!" అన్న గట్టిగ. "కండ్లు లేవా? అత్తనే నెత్తి దువ్వి, కోడలికి మారుమనువు చేస్తున్నది!"

ఆడోళ్ళ చూపులన్ని టీవీ ఇడిసి పార్వతత్త మీదికి పోయినయి. యమున మొఖం కొంగుల దాచుకున్నది.

"ఇందూ," అన్నది పార్వతత్త, సన్నగ. "ఈ సినిమా నా కోసమే తెచ్చినవా?"

"బొమ్మలు నేను గీసిన్నా అత్తా?" అన్న. పైకి గట్టిగనే అన్న గని, చెంబు పట్టుకొని లేసి పోతదనుకున్న. ఇగ పోతే, భోకర్ సంబంధం నా చేతులతోని నేనే చెడగొట్టినట్టు.

పార్వతత్త లేవలే.

పెండ్లయింది. గొడుగుల కింద అందరు గుట్ట దిగి పోయిండ్రు. మావోళ్ళు గూడ లేవవట్టిండ్రు. బొంబాయి సినిమాల పెండ్లి అయ్యిందంటే అయిపోయినట్టే గదా, ముసలోళ్ళు ఏమైండ్రో ఎవనికి పట్టింది? గని ఈ జపానోళ్ళు పెండ్లి ఎంట పోలే. ముసలామె దగ్గరనే నిలవడ్డరు. ఆమె ఇంట్లకొచ్చింది. చిన్నామె ఇడిసిన పాత బట్టలు మడిచింది. వాన పడుతున్నది. పొయ్యి రాజేసింది. అన్నం వండి, రెండు గిన్నెలల్ల పెట్టింది. పెట్టి, చూసింది. ఒక గిన్నెల అన్నం తీసి మళ్ళ కుండల ఏసింది. పాట లేదు, సంగీతం లేదు, ఉత్త వాన సప్పుడు.

నేను చెప్పుదామని నోరు తెరిచిన.

"నోరు మూయ్ ఇందూ," అన్నది పార్వతత్త. "ఈడ నువ్వు చెప్పేదేం లేదు."

మూసిన. నా జన్మల మొదటిసారి. లేస్తున్నోళ్ళు లేసినట్టే మెల్లగ కూసున్నరు.

ముసలామె గిన్నె పట్టుకొని గడప మీద కూసున్నది. రెండు ముద్దలు తిన్నది. బాట దిక్కు చూసింది. అప్పుడు ఒక మాట అన్నది, చిన్న మాట. అని మళ్ళ తినవట్టింది. ఏడ్వలే.

"ఏమన్నది? ఏమన్నది?" అని అందరు నా దిక్కు తిరిగిండ్రు. నాకు తోచలే. నిజంగనే తోచలే.

పార్వతత్త చెప్పింది. టీవీ మీది నుంచి కండ్లు తీయకుంట చెప్పింది. "వానల తడవకుంట చేరిందో లేదో, అన్నది. కొడుకు పోయిన ముసలామెకు ఒక్కతికి తినుడు కష్టమే. ఏం చేస్తది? తింటది. తినుడు అలవాటైతది. నా ఒక్క గిన్నె కోసం యమునను గిట్లనే కూసోబెడితే, అది నన్ను తిట్టదు గని, నేను సచ్చినంక దానికి ఈ గడపే గతి అయితది."

అనుసూయాబాయి ముక్కు చీదింది. అంత గట్టి మనిషి.

పార్వతత్త యమున దిక్కు తిరిగింది. "భోకర్‌కు బస్సు ఎప్పుడున్నదే?"

యమునకు ఏడుపు వచ్చింది. నాకు గూడ వచ్చింది, ఆపుకోలే, ఎందుకు ఆపుకోవాలె? "పొద్దుగాల ఉన్నది అత్తా, నేను తోలుకొని పోత. బాబురావ్‌కు నేను చెప్త, మాట ఎట్ల చెప్పాల్నో నాకు..."

"నువ్వు రా," అన్నది పార్వతత్త, మోకాళ్ళ మీద చేతులేసి లేసుకుంట. "ఎంట ఉండు. గని ఆడ నువ్వు నోరు తెరువకు. నా బిడ్డను ఇస్తున్ననని నేనే చెప్పాలె."