కిటికీ పక్క దూలం

నా ఉద్యోగం జనం తిట్లు చదవడం. కాగితం మీద దానికేదో పెద్ద పేరుంది కానీ పని మాత్రం ఇదే. మా కంపెనీ చేసిన వీడియో గేమ్ గురించి ఆడినవాళ్లు రాసే రివ్యూలన్నీ పొద్దున తొమ్మిదింటికి నా ముందుకొస్తాయి. వాటిని నాలుగు ఫోల్డర్లలో వెయ్యాలి: మెచ్చుకోలు, తిట్లు, బగ్గులు, చెత్త. ఒక్కోదానికి పది సెకన్లకు మించి ఇస్తే సాయంత్రానికి పని తెమలదు. మెచ్చుకోలు అయితే అందులోంచి ఒక మంచి వాక్యం కత్తిరించి దాచాలి, ప్రకటనల్లోకి పనికొస్తుంది. కత్తిరింపులో నన్ను మించినవాళ్లు లేరని మా సారు పదిమందిలో అనేవారు. నేనూ పొంగిపోయేదాన్ని, అబద్ధమెందుకు.

గేమ్ పేరు "బండరెక్కల పిల్ల". రాతిరెక్కలతో పుట్టిన ఒక పిల్ల కథ. రెక్కలున్నాయన్న మాటేగానీ ఎగరలేదు పాపం. మాయలమారి కట్టిన కోటలు దాటాలంటే తాళ్లు, పలకలు, కప్పీలు, రాళ్లు వాడుకుంటూ పోవాలి. పలక చివర నిలబడితే పలక తిరగబడుతుంది. తాడు తడిస్తే బరువెక్కుతుంది. మంత్రాలున్న లోకమే కానీ బరువు దగ్గర ఏ మంత్రమూ పనిచెయ్యదు. జనానికి నచ్చింది కూడా అదే.

ఆ బరువుల సంగతంతా చూసే కుర్రాణ్ణి మేం తూకం అని పిలుస్తాం. టీ కప్పు చేతిలోకి తీసుకుంటే ఎన్ని గ్రాములో చెప్పే రకం. అంకెల్లో వాడు తప్పు చెప్పగా ఎవరూ వినలేదు. అంకెలు కానివాటి గురించి మాత్రం దున్నపోతు మీద వాన పడ్డట్టే ఉంటాడు.

మా ఆఫీసు ఒక పాత గోడౌన్. కింద పెద్ద హాలు, అందులో సగం మేర పైన చెక్క అటక. అటక మీద బొమ్మలు గీసేవాళ్లు నలుగురు కూర్చుంటారు. మెట్లు ఈ చివర, కిటికీ ఆ చివర. కిటికీ పక్క బల్ల మా చెల్లిది. దాన్ని ఈ ఉద్యోగంలో పెట్టించింది నేనే. వెలుతురు బాగుంటుందని ఆ సీటు కోసం సారుతో పోట్లాడిందీ నేనే. రాతిపిల్ల మొహాన్ని గీసింది అదే మరి, దానికి ఆ మాత్రం వెలుతురు దక్కాలనుకున్నాను.

పదిహేను రోజుల కిందట మేం ఒక అప్‌డేట్ వదిలాం. ఆఖరి లెవెల్‌కి కొత్త రూపు ఇచ్చాం. దాని పేరు గంటల అటక. ఆ పిల్ల ఒక్కో గంటనీ మోసుకెళ్లి అటక మీద వరసగా పెట్టాలి. పది గంటలు నిలిస్తే కింద తలుపు తెరుచుకుంటుంది. గంట ఎంత బరువుండాలో తేల్చుకోలేక తూకం తన బరువే వేసేశాడు. మర్నాటి నుంచి నా ఫోల్డర్లు నిండిపోవడం మొదలైంది.

"ఎనిమిది గంటలదాకా బానే ఉంది. తొమ్మిదోది పెట్టగానే కిటికీ వైపు దూలం గోడలోంచి జారిపోతోంది. ఇదేం అన్యాయం?"

"నాలుగు రోజులుగా ఇదే లెవెల్. మా ఆవిడ పుట్టింటికి పోతానంటోంది. మీదే బాధ్యత."

"పడే ముందు ఒక చప్పుడొస్తుంది, గోళ్లతో తలుపు గీకినట్టు. అది విన్నాక ఇంకోటి పెట్టకండి. నేను విన్నాను, పెట్టాను, నా ఖర్మ."

"నూటపాతిక సార్లు ఆడి చెప్తున్నా. ఆ చప్పుడొచ్చాక కంగారుపడి లాగితే అన్నీ పోతాయి. మెట్ల వైపు నుంచి ఒక్కొక్కటీ మెల్లగా దింపుకోవాలి. ఎలా దింపినా కిటికీ పక్కది మాత్రం దక్కదు."

ఆడలేక మద్దెల ఓడు అనుకుని అన్నిటినీ తిట్ల ఫోల్డర్లో పడేశాను. మూడో రోజుకి లెక్క రెండొందలు దాటింది. అప్పుడు వాటిని బగ్గుల్లోకి మార్చి తూకం బల్ల దగ్గరికి వెళ్లాను.

"బగ్ కాదక్కా," అన్నాడు వాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా. "మొదట వేసిన స్కాన్ రెండేళ్ల కిందటిది. ఈసారి కొత్తగా తీశాను. దూలం నడుం వంగింది, కొస గోడలో రెండు వేళ్ల మేర ఆనుతోందంతే. లెక్క ప్రకారం పడాలి, పడుతోంది."

దేన్ని స్కాన్ తీశావని నేనడగలేదు. అడగాలని తోచనైనా లేదు. వెళ్లి సారుకి చెప్పాను. ఆయన మంచివాడే, కానీ స్టార్లు తగ్గితే నిద్ర పట్టని మనిషి.

"జనం తిడుతుంటే లెక్కలెవడిక్కావాలమ్మా? ఆ దూలం గోడలోకి ఇంకో జానెడు పోయేలా చెయ్యమను."

తూకం గొణుగుతూనే చేశాడు. మౌస్ ఒకసారి పక్కకి లాగాడు, దూలం జానెడు పొడుగైంది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి అప్‌డేట్ వదలాలని నిర్ణయమైంది.

ఆ మధ్యలోనే ఒక పెద్ద రివ్యూ వచ్చింది. నాలుగు స్టార్లు. మొదటి వాక్యం, "ఇంత నిజమైన దూలం ఏ ఆటలోనూ చూడలేదు." నా పది సెకన్లు అక్కడితో అయిపోయాయి. ఆ వాక్యం కత్తిరించి మెచ్చుకోలులో వేశాను. సారు ఎగిరి గంతేసినంత పని చేశారు. ఆ మాటలు పెద్ద అక్షరాలతో బ్యానర్ వేయించి, అటక చెక్కపిట్టగోడకి కట్టించారు. రోజూ కుర్చీలో కూర్చుని తలెత్తితే నేను కత్తిరించిన వాక్యమే నాకు కనబడేది. గర్వంగా ఉండేది.

శుక్రవారం వచ్చింది. రెండున్నరకే సారు హడావిడి మొదలుపెట్టారు. సరిగ్గా మూడింటికి, అప్‌డేట్ బయటికెళ్లే క్షణాన, అందరూ అటక మీద నిలబడి ఫొటో దిగాలట. కింద స్టాండుకి కెమెరా బిగించారు. అప్‌డేట్ మీట నొక్కాల్సింది తూకం కాబట్టి వాడు కిందే ఉంటాడు. నన్నూ రమ్మన్నారు. ఈ నాలుగు రివ్యూలు చూసి వస్తానన్నాను.

నాలుగోది ఆ పెద్ద రివ్యూ రాసినాయనదే.

"పదకొండు రోజుల కిందట ఒక మాట అడిగాను, జవాబు లేదు. పైగా నా మాట సగం కోసి ప్రకటనలో వేసుకున్నారు. మిగతా సగం చదివారా అసలు?"

నాకు ఒళ్లు మండింది. ఈయనకి జవాబు చెప్పకపోతే ఆకాశం ఊడిపడుతుందా అనుకుంటూనే పాత రివ్యూ తెరిచాను. నాలుగు గట్టి మాటలు చెప్పడానికే తెరిచాను.

"నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాణ్ణి. మనవరాలు ఆడుతుంటే చూశాను. ఇది ఊహించి గీసిన దూలం కాదు, ఎక్కడో ఉన్నదాన్ని కొలిచిందే. గోడ చెమ్మకి ఉబ్బింది. దూలం కొస గూట్లోంచి బయటికొస్తోంది. ఆ అటక ఎక్కడుందో దయచేసి చెప్పండి. దాని మీద మనుషులుంటే ఇవాళే దింపెయ్యండి."

రెండుసార్లు చదివాను. కుర్చీ వెనక్కి తిప్పాను. తూకం బల్ల నా వెనకే.

"ఒరేయ్, గంటల అటకకి స్కాన్ ఎక్కడ తీశావు?"

"మనదే అక్కా. పైదే. ఊరంతా తిరగడం దేనికని." వాడు ఎంత మామూలుగా చెప్పాడంటే, నేను చెంప పగలగొట్టి ఉండాల్సింది.

"దూలం ఎక్కడ కొలిచావు?"

"అదిగో, కిటికీ పక్క." వాడు వేలు చూపించాడు. చూపించి తనూ తలెత్తి చూశాడు. ఆ వేలు గాలిలో అలాగే ఉండిపోయింది. ఆ దూలాన్ని అంకెగా తప్ప దూలంగా వాడెప్పుడూ చూడలేదని నాకప్పుడర్థమైంది. గోడలో గూడు దగ్గర సున్నం రాలి, కొత్తగా తెల్లటి గీత ఒకటి కనబడుతోంది. రెండు వేళ్లు కాదు, ఒక వేలు కూడా ఉన్నట్టు లేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు. బొమ్మలవాళ్లు నలుగురూ ముందే పైన ఉన్నారు. ప్రోగ్రాములు రాసే ఇద్దరు ఎక్కేశారు, ఆరు. సంగీతం మాస్టారు ఎక్కారు, ఏడు. ముందుగదిలో కూర్చునే అమ్మాయి నవ్వుకుంటూ ఎక్కింది, ఎనిమిది. నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. సారు ఆఖరి మెట్టు మీద ఉన్నారు.

"సార్, ఎక్కొద్దు!" అరిచాను.

"ఏమ్మా, నువ్వింకా కిందే ఉన్నావా? రా, రా," అంటూ ఆయన అటక మీద కాలు పెట్టారు.

చప్పుడు వచ్చింది. గోళ్లతో తలుపు గీకినట్టు. సన్నగా, తీరిగ్గా, ఒకసారి.

పైన అందరూ కొయ్యబారిపోయారు. నా తలలో మాత్రం ఆ రివ్యూ ముక్కకి ముక్క తిరుగుతోంది. నూటపాతిక సార్లు కూల్చినవాడి మాట.

"ఎవరూ కదలొద్దు. సార్, వెనక్కి ఒక్క మెట్టు దిగండి. మెల్లగా. ఇప్పుడు ముందుగది అమ్మాయి. ఒక్కత్తే. పరిగెత్తకు తల్లీ."

సారు దిగారు. ఆ అమ్మాయి దిగింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు దిగారు. కింద తూకం ఒక్కడే మీటింగు బల్లని ఈడ్చుకొచ్చి దూలం కిందికి తోస్తున్నాడు. వాడి పెదాలు ఏవో అంకెలు చదువుతున్నాయి.

సంగీతం మాస్టారు కదల్లేదు. "ముందు ఆ పిల్లని రానివ్వమ్మా. అదొక్కతే ఆ చివర బిక్కుబిక్కుమంటోంది," అంటూ మా చెల్లికి దారివ్వడానికి పక్కకి జరగబోయారు. మళ్లీ గీకుడు. ఈసారి రెండు రెట్లు.

"మాస్టారూ, జరగొద్దు! మీరు దిగండి. అది ఆఖర్న వస్తుంది."

ఆ మాట నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో కుక్కలేదు. ఆఖర్న ఉన్నది దక్కదని తెలిసే అన్నాను. మిగతావాళ్లకీ ఇంట్లో అక్కలూ తమ్ముళ్లూ ఉన్నారని అప్పుడు అనుకున్నానా అంటే, లేదు. అలాంటి పెద్ద మాటలేవీ నాకు తోచలేదు. వరస తప్పితే అన్నీ పోతాయని రాశాడు, వరస తప్పనివ్వలేదు, అంతే.

మాస్టారు దిగారు. బొమ్మలవాళ్లు ముగ్గురు దిగారు. చెల్లి తన బల్లకి ఆనుకుని నిలబడి ఉంది.

"అక్కా, రానా?"

"రా చిట్టీ. గోడ పక్కనుంచి కాదు, నడిమధ్యనుంచి రా. అడుగు ఎత్తకు, జరుపు."

అది జరిపింది. ఒక అడుగు. రెండడుగులు. సగందాకా వచ్చింది. నాకేసే చూస్తోంది, నేను చెప్తున్నానంటే సరిగ్గానే ఉంటుందన్న నమ్మకంతో చూస్తోంది. చిన్నప్పుడు మొదటిసారి సైకిల్ ఎక్కించినప్పుడూ ఇలాగే చూసింది. మూడో అడుగుకి దూలం కొస గూట్లోంచి బయటికి వచ్చేసింది.

పెద్ద చప్పుడేం కాలేదు. అటక ఒక పక్కకి వాలింది. దూలం వచ్చి తూకం తోసిన బల్ల మీద కూలబడి ఆగింది. ఆ బల్లే లేకపోతే ఇవాళ ఈ కథ చెప్పే ఓపిక నాకుండేది కాదు. వాలిన చెక్కల మీంచి కంప్యూటర్లు, కుర్చీలు, మా చెల్లి, నేను కత్తిరించిన వాక్యం ఉన్న బ్యానర్, అన్నీ ఒక్కటిగా కిందికి జారాయి. దుమ్ము అణిగాక చూస్తే చెల్లి బతికే ఉంది. కుడి చెయ్యి మాత్రం దూలానికీ బల్లకీ మధ్య ఉంది.

ఆ గందరగోళంలో మూడెప్పుడైందో ఎవరికీ తెలియదు. అప్‌డేట్‌కి తూకం పొద్దునే టైము పెట్టి ఉంచాడు. వాడు మీట నొక్కడం ఫొటో కోసం చేసిన ముచ్చటట. దాని టైముకి అది బయటికి వెళ్లిపోయింది.

ఆస్పత్రిలో మర్నాడు పొద్దున డాక్టరు నన్ను బయటికి పిలిచి, చెయ్యి ఉంటుందిగానీ వేళ్లు మునుపటిలా కదలవని చెప్పాడు. గీతలు గీసే పనైతే వేరే ఏదైనా చూసుకోమన్నాడు. సారు వచ్చి, నువ్వు వరస పెట్టి దింపబట్టి ఎనిమిదిమందిమి బతికామని నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చారు. ఆయన ఏడుపు నిజమే. నాకు మాత్రం ఆ చేతులు విదిలించుకోవాలనిపించింది.

లోపలికెళ్లేసరికి చెల్లి మెలకువగా ఉంది. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని పైకప్పుకేసి చూస్తోంది. నా ఫోన్ ఆగకుండా మోగుతూనే ఉంది. తొమ్మిది దాటింది కదా, రివ్యూలు.

"ఏమంటున్నారక్కా జనం?" అనడిగింది.

పదకొండు రోజులు చదవనిదాన్ని, ఇప్పుడు ఒక్కటీ వదలకుండా చదివాను. అన్నీ ఐదు స్టార్లే.

"చెప్పవేం?"

"అటక ఇప్పుడు గట్టిగా ఉందట," అన్నాను. "పది గంటలూ నిలబడుతున్నాయట. ఎవ్వరూ పడటం లేదట."