చూచినట్లు పలికిన సాక్ష్యము

వైశాఖమాసాంతమున విజయనగరముపై ప్రచండభానుడు నిప్పులు చెరుగుచుండ వీథులన్నియు నిర్జనములై యుండెను. ఆ మధ్యాహ్నమున అంధుల సంఘభవనమందు ముప్పదిమంది స్త్రీపురుషులు టీవీ యెదుట గూడి పూర్వకాలమున మిక్కిలి ప్రసిద్ధిగాంచిన యొక పోలీసు చిత్రమును చెవులొగ్గి వినుచుండిరి. సంభాషణల నడుమ తెరపై జరుగు ప్రతి చర్యను ఒక స్త్రీకంఠము వర్ణించి చెప్పు ప్రసారమది. అట్టిది వారికి లభించుట అదియే మొదలు.

శ్రోతలలో బెవర పైడిరాజు అను వృద్ధుడు గలడు. హెడ్ కానిస్టేబులుగా నుండగా దొంగ బాణసంచా దుకాణముపై దాడిలో మందుగుండు ప్రేలి యతని కన్నులు పోయెను. అంతకు పూర్వము సినిమాహాలునొద్ద బందోబస్తు చేయుచు ఈ చిత్రమునే పదునొకండు మారులు చూచియుండెను.

తుదిఘట్టమున దుష్టుడు కత్తితో మీదికి దూకెననియు ఇన్‌స్పెక్టరు ప్రాణరక్షణార్థము కాల్చెననియు ఆ కంఠము పలికెను. భవనము కరతాళధ్వనులతో మాఱుమ్రోగెను. పైడిరాజు దిగ్గున లేచి "అబద్ధం!" అని గర్జించెను.

సంఘమున బ్రెయిలీ నేర్పు జన్మాంధురాలగు సుభాషిణి ప్రక్కనే యుండి "ఏటయింది తాతగారూ?" అని యడిగెను.

"ఆడు కత్తి పారేసి సేతులెత్తేసినాడమ్మా! కాల్సినాక ఆ ఇనస్పెట్రే కత్తి తీసి శవం సేతిలో ఎట్టినాడు. నాను కళ్ళారా సూసినాను."

ఆమె ముఖము జేవురించెను. "అయితే మా చేత హత్యకి చప్పట్లు కొట్టించారా?"

మరునాటి యుదయమున వారిరువురును విశాఖపట్టణమునందలి టీవీ కార్యాలయమునకు బోయిరి. అచ్చటి అధికారి చిఱునవ్వుతో "హీరో చెడ్డవాడనిపించకూడదని నేనే మార్పించానండి. చూడలేనివాళ్ళకి అంత వివరం దేనికి?" అనెను.

పైడిరాజు బల్ల నదరునట్లు చఱచెను. "మంచోడో సెడ్డోడో మేం తేల్సుకుంటాం! నువ్వు సూసింది సెప్పు, అంతే!"

"అంత కోపమెందుకండీ? ఉత్తి సినిమాయే కదా."

ఆ మాటకు వృద్ధుడు బల్లపైనుండి చేయి తీసి ద్వారమువైపు తిరిగెను. సుభాషిణి మాత్రము తదుపరి ప్రసారమున ఆ వర్ణనను సరిచేయుదుమని అధికారి వ్రాసి యిచ్చువఱకు కుర్చీ విడువక కూర్చుండి ఆ కాగితమును పుచ్చుకొనియే లేచెను.

మెట్లు దిగుచు పైడిరాజు చెప్పెను: "ఉత్తి సినిమా కాదమ్మా. నా కళ్ళు పోకముందు మా ఇనస్పెట్రు ఓ కుర్రోణ్ణి కాల్సేసి, కత్తితో మీదికొచ్చాడని రాసినాడు. నాను సూడనేదు. సూసినానని సంతకం ఎట్టినాను."

సుభాషిణి యతని భుజముపైనున్న తన చేతిని వెనుకకు దీసికొనెను. పిమ్మట "వాళ్ళమ్మ ఉందా?" అనెను.

"గజపతినగరంలో ఉంది."

"పదండి. ఈ కోపం అక్కడికి తీసుకెళ్ళండి."

అపరాహ్ణమున సన్యాసమ్మ యను ఆ కుర్రవాని తల్లి వాకిట చింతపండు పిక్కలు తీయుచుండెను. పైడిరాజు సుభాషిణితో వచ్చి తన పేరు చెప్పి చేసిన పాపమును దాచక వెల్లడించెను. ఆమె యేడ్వలేదు, శపింపలేదు.

"ఇరవయ్యేళ్ళు! నాకు సెప్పితే ఏటి లాభం? కోర్టులో సెప్పు."

"సెప్తాను తల్లీ."

సన్యాసమ్మ చింతపండు మరకల చేతితోనే యతని మణికట్టును బిగియబట్టి కోర్టుకని రోడ్డువెంట నడిపించెను. ఆ పట్టున దయ యిసుమంతయు లేదు. ఐనను ఎదుటనుండి లారీ వచ్చినప్పుడెల్ల నామె యతనిని ప్రక్కకు లాగుచునే యుండెను.