అద్దాల వెనక కిష్ట్యా

త్రిపురారం దగ్గరి ఆ తండాలో నెల జీతం ఉన్నది కిష్ట్యా ఒక్కడికే. మిర్యాలగూడలో బ్యాంకు గుమస్తా. ఎవరూ నిలబెట్టకపోయినా తండాకు పెద్దమనిషి అయిపోయాడు. అతను స్కూటర్ మీద ఏ వరి విత్తనం సంచి తెస్తే తండా మొత్తం అదే విత్తనం చల్లుతుంది. అతను ఏ డాక్టరు దగ్గరికి పోతే జ్వరం వచ్చినవాళ్ళందరూ ఆ డాక్టరు దగ్గరికే పోతారు. ఒకరు అడిగేది లేదు, అతను చెప్పేదీ లేదు. పని మీద పోయే మనిషిని ఎక్కడికని అడిగితే ఆ పని చెడుతుందని అక్కడ గట్టి నమ్మకం. అందుకని చూసి తెలుసుకోవడమే పద్ధతి.

తొంభైతొమ్మిదిలో దసరా వెళ్ళాక కిష్ట్యాకు షేర్ల పిచ్చి పట్టింది. పిచ్చి అనడం కూడా తప్పేమో, పిచ్చివాడైతే ఏదో ఒకటి చేసేస్తాడు. ఇతను గోడ మీద పిల్లి. మిర్యాలగూడ బస్టాండు ఎదుట కోదాడ నుంచి వచ్చిన శేషగిరి అనే ఆయన షేర్ల ఆఫీసు తెరిచాడు. మేడ మీద పెద్ద డిష్, కింద రోడ్డు వైపు అద్దాల గది, గదిలో కంప్యూటర్. రోజూ మధ్యాహ్నం భోజనం వేళ కిష్ట్యా టిఫిన్ డబ్బా పట్టుకుని అక్కడికి పోయి కూర్చునేవాడు.

అందరి నోటా ఒకటే కంపెనీ, హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తేదీ అర్థం కాక తికమకపడతాయట, వాటిని ముందే సరిచేయడం ఈ కంపెనీ పని. దాని మూడు నెలల లెక్కలు ఆ నెలాఖరు శుక్రవారం బయటికి వస్తాయి. లాభం రెట్టింపు ఉంటుందని పేపర్లన్నీ రాశాయి. "లెక్కలొచ్చాక కొంటే మనకేం మిగులుద్దండీ, కొనేవాళ్ళు ముందే కొనాలి" అని శేషగిరి రోజూ చెప్పేవాడు.

కిష్ట్యా దగ్గర సూర్యాపేటలో ఇంటి జాగ కోసం దాచిన డబ్బు ఉంది. అది పెడితే రెండు జాగలు వస్తాయని ఒక మనసు. ఈ లాభం సంగతి త్రిపురారం వాడికే తెలిసిందంటే తెలియనివాడు ఎవడున్నాడు, ధర ముందే పెరిగి కూర్చుంది కదా అని ఇంకో మనసు. రెండువేలు వచ్చేశాక ఆ కంపెనీకి పనేం ఉంటుందన్న అనుమానం కూడా ఉంది. మంచి అనుమానమే. దాన్ని భార్య జమున చెవిన కూడా వేయలేదు. భయపడుతున్నానని చెప్పుకోవడం పెద్దమనిషికి చిన్నతనం కదా. ఇలాంటి జాగ్రత్తపరులను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈలోగా ట్రాక్టర్ నడిపే గేమ్యా ఎరువుల కోసం మిర్యాలగూడ వచ్చి అద్దాల వెనక కిష్ట్యాను చూశాడు. మర్నాడు కూడా చూశాడు. ఒడిలో డబ్బా మూత తీయకుండానే కిష్ట్యా కంప్యూటర్ వైపు కన్నార్పకుండా చూస్తున్నాడని తండాకు వచ్చి చెప్పాడు. తండా పెద్ద బాల్యా చాలాసేపు ఆలోచించాడు. కిష్ట్యా ఊరికే కూర్చునే మనిషి కాదని, ఆ కంపెనీ షేర్లు కొంటున్నాడని తేల్చాడు.

ముందు మేకలు పోయాయి. తర్వాత పత్తి అమ్మిన డబ్బు పోయింది. ఆ తర్వాత ఆడవాళ్ళు జుట్టుకు వేలాడే వెండి గుత్తులు, కాళ్ళ కడియాలు విప్పి గేమ్యా చేతిలో పెట్టారు. గేమ్యా అన్నీ అమ్మి, పొద్దున పూట, కిష్ట్యా బ్యాంకులో ఉన్న సమయంలో, పోయి తన పేరు మీద ఆ కంపెనీ షేర్లే కొనేవాడు. గేమ్యాది కిష్ట్యా తండానే అని తెలిసి, బ్యాంకు ఉద్యోగి తన పేరు బయటపడకుండా ఇతనిచేత కొనిపిస్తున్నాడని శేషగిరి అనుకున్నాడు. అందుకే కిష్ట్యా దగ్గర ఆ ఊసే ఎత్తలేదు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు, నాకు భయం వేసేది అక్కడే.

కిష్ట్యాకు కొన్ని కనిపించకపోలేదు. ముసలి రంగి పొద్దున్నే చెంబుడు పాలు తెచ్చి గడపలో పెట్టి పోతోంది. అతను వస్తుంటే బాల్యా మంచం మీద నుంచి లేచి నిలబడుతున్నాడు. పంట అప్పుల కోసం కాబోలనుకున్నాడు. జమున కాళ్ళకు కడియాలు లేవేమని అడిగితే మెరుగుకు ఇచ్చానంది. అంటూ ఆమె నవ్విన తీరు అతనికి కొత్తగా అనిపించింది. ఇంకో మాట అడిగి ఉంటే అన్నీ బయటపడేవి, కానీ అతని బుర్ర నిండా కంపెనీ లెక్కలే.

గురువారం తేల్చుకున్నాడు, కొనేది లేదని. బ్యాంకుకు సెలవు పెట్టి, డబ్బు తీసుకుని సూర్యాపేట పోయి జాగ రాయించుకున్నాడు. మనసు తేలికపడింది. తిరిగి వస్తూ కిలో జిలేబీ కొని తండాలో పిల్లలందరికీ పంచాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, లాభం ఖాయమన్నట్టు పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాల్యా ఇంకా అమ్మకుండా ఉంచుకున్నవి ఎడ్లు మాత్రమే. శుక్రవారం తెల్లవారకముందే వాటిని తోలుకుపోయి పక్క ఊళ్ళో అమ్మి డబ్బు గేమ్యాకు ఇచ్చాడు. కొట్టం ఖాళీగా ఉండటం కిష్ట్యా స్కూటర్ మీద పోతూ చూశాడు. మేతకు తోలి ఉంటారనుకున్నాడు.

మధ్యాహ్నం లెక్కలు వచ్చాయి. లాభం రెట్టింపే. దాంతోపాటు కంపెనీ వాళ్ళు ఇంకో మాట చెప్పారు, కొత్త సంవత్సరం నుంచి పని తగ్గుతుందని. అంతే, దేశంలో అందరూ ఒక్కసారి అమ్మకానికి పెట్టారు. కొనే నాథుడు లేడు. శేషగిరి గదిలో షేర్లు కొన్న రైస్ మిల్లుల వాళ్ళు అరుస్తుంటే కిష్ట్యా ఒక మూల కూర్చుని ఎన్నాళ్ళకో డబ్బా మూత తీసి కడుపునిండా తిన్నాడు. సోమవారం ధర ఇంకా పడింది, మంగళవారం ఇంకా. గేమ్యా అమ్మబోతే తీసుకునేవాడు దొరకలేదు.

బుధవారం సాయంత్రం తండా అంతా కిష్ట్యా ఇంటి ముందుకు వచ్చింది. గొడవకు వచ్చినట్టు లేరు. చావింటికి వచ్చినట్టు నెమ్మదిగా వచ్చి కూర్చున్నారు. బాల్యా మంచం మీద అతని పక్కనే కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"పరేషాన్ గాకు బిడ్డా. మావి పోతే పోయినయ్. మా అందరికన్న నీవే ఎక్కువ పోయి ఉంటయ్. నువ్వు మాత్రం ఏం జేసుకోకు."

కిష్ట్యాకు మొదట అర్థం కాలేదు. మీవేం పోయాయని అడిగాడు. బాల్యా మేకల నుంచి ఎడ్ల దాకా చెప్పాడు. ఆడవాళ్ళ వెండి సంగతి చెబుతున్నప్పుడు జమున తల దించుకుంది. నాదీ పోయిందని ఒక్క అబద్ధం ఆడితే వాళ్ళు నమ్మేవాళ్ళు, పైగా ఓదార్చేవాళ్ళు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ భుజం మీద ముసలాయన చెయ్యి ఉండగా అతని వల్ల కాలేదు.

"నేను కొనలే కాకా. నాకు భయమైంది. పైసలు వెట్టి సూర్యాపేటల జాగ కొన్న."

బాల్యా చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత జారింది.

"మరి రోజూ గాడ కూసోని ఏం జేసినవ్?"

"సూసిన."

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండునని కిష్ట్యా అనుకున్నాడు. రంగి ముందు లేచింది, ఆమె వెనక ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పోయారు.

ఇద్దరే మిగిలాక జమున అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆమె ఏడవడం లేదు.

"నా వెండి పోయిందని కాదు. నీకు భయమైతాందని నాకన్న ఒక్క మాట చెప్పకపోతివి. నేను పోయి అందరికి చెప్పేదాన్ని."

సిగ్గుతో కిష్ట్యా ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. లోపల బీరువాలో సూర్యాపేట జాగ కాగితాలు భద్రంగా ఉన్నాయి.