పెద్ద పాదాల లెక్క

చెప్పులు కుట్టి అమ్మే ఆ ఇంట్లో అత్తయ్య మాటకు తిరుగులేదు. పది జతలు కుడితే మూడు చిన్నవి, అయిదు మధ్యరకం, రెండు పెద్దవి. ఏళ్ల తరబడి అదే వరస. కోడలు పెళ్లికి ముందు కాలేజీలో లెక్కలు చెప్పేది. ఆ వేసవిలో పెద్ద సైజు రెండుసార్లు అయిపోయి, వచ్చినవాళ్లు వట్టి చేతులతో వెళ్లిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయింది.

"అత్తయ్యా, జనం పాదాలు పెరిగాయి. పెద్దవి ఇంకాస్త ఎక్కువ కుడదాం."

"నాలుగు జతలు ఎక్కువ పోతే లోకమంతా కాళ్లు పెరిగిపోయాయా?" అంది అత్తయ్య, దారం పంటితో తెంపుతూ. "మిగిలిపోయినవి నువ్వు తొడుక్కుంటావా?"

కోడలికి నవ్వొచ్చింది. "సరే, కొలిచే చూద్దాం."

కొన్నా కొనకపోయినా, దుకాణం మెట్లెక్కిన రెండు వందల మంది పాదాలు కొలిచింది. పాత వరస నిజమైతే అందులో పెద్దవి నలభై ఉండాలి. నలభై ఏడు వచ్చాయి. మూడు రకాల్లోనూ రావలసినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడాలను వర్గం చేసి, రావలసిన సంఖ్యలతో భాగించి, కలిపింది. ఆ మొత్తం ఆరు దాటితేనే తేడా ఊరికే వచ్చింది కాదని, పాత వరస మారిందని గట్టిగా చెప్పొచ్చు. అది ఒకటిన్నర దాటి ఆగిపోయింది. ఆమె మొహం చిన్నబోయింది.

"మారిందని చెప్పెయ్. అమ్మకి ఆ లెక్కలు తెలుస్తాయా ఏంటి?" అన్నాడు భర్త.

"చెబితే నమ్మేస్తారండీ. అదే ఇబ్బంది."

వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

"అయితే నా మాటే నిజమన్నమాట," అంది అత్తయ్య.

"మారలేదని కాదత్తయ్యా. ఏడుగురు ఎక్కువ రావడం ఊరికే కూడా జరగొచ్చు. వెయ్యి మందిని కొలిస్తే తేలుతుంది."

అత్తయ్య సూది పక్కన పెట్టి చెయ్యి చాపింది. "అయితే కొలబద్ద ఇటివ్వు. నువ్వు కొలిస్తే అన్నీ పెద్దవే కనిపిస్తాయి."

మోకాళ్ల నొప్పులతోనే పీట మీద కూర్చుని, వచ్చినవాళ్లతో కబుర్లాడుతూ కొలిచింది. వానలు వెనకబట్టేసరికి వెయ్యి పూర్తయ్యాయి. రెండు వందలు ఉండాల్సిన పెద్ద పాదాలు రెండు వందల నలభై రెండు. ఈసారి కోడలు వేసిన లెక్క మొత్తం పన్నెండు దాటింది.

కోడలు సంబరపడబోయి, అత్తయ్య మొహం చూసి ఆగింది.

"ఎంతమందిని ఉత్తచేతులతో పంపేశానో," అంది అత్తయ్య మెల్లగా. తరవాత కొడుకుని పిలిచి, పెద్ద సైజు కొయ్య అచ్చులు ఇంకొన్ని చేయించుకు రమ్మని వడ్రంగి దగ్గరికి తరిమింది.

"వందకి ఎన్ని పెద్దవి కుట్టమంటావు?"

"ఇరవై నాలుగు, అత్తయ్యా."

"పాతిక చేద్దాం. గుర్తుంటుంది," అంటూ తోలు పరిచింది.