నా పేరు పెట్టను

రాయదుర్గంలో మా ఇంటి కింద జీన్స్ కుట్టే మిషన్లు పొద్దంతా రొద పెడతాయి. పై గదిలో నేను నాలుగు ఏఐ ఏజెంట్లతో ఒకేసారి పని చేయిస్తాను. తలా ఒక ముక్క కోడ్ రాస్తాయి. వాటిని చదివి, కలిపి, ఆమోదం గడిలో పేరు పెట్టాల్సింది నేను.

ఆ చదవడమే బెంగుళూరులోని మా మేనేజరు హనుమంతరాయుడికి కంటగింపు. ఆయనదీ మా అనంతపురం జిల్లానే, రాప్తాడు. బెంగుళూరు వెళ్లాక మాటకు ఇస్త్రీ చేయించుకున్నాడు.

"ఏజెంట్లు మధ్యాహ్నానికే ముగించాయి చౌడేశ్వరీ. టెస్టులన్నీ పాసయ్యాయి. సాయంత్రానికి కాపరుల ఫోన్లలోకి వెళ్లిపోవాలి" అన్నాడు ఆ రోజు ఫోన్లో.

మేం చేస్తున్నది గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపడానికి యాప్. గొర్రె బరువు కొడితే మందు పేరు, మోతాదు చూపిస్తుంది.

కింద యూనిట్లో గుడ్డను పొరలుగా పేర్చి కోస్తారు. ప్రతి ముక్కకూ అది ఏ పొరదో నంబరు చీటీ అంటిస్తారు. ఒకే పొర ముక్కలే ఒక ప్యాంటు కావాలి. లేకపోతే ఒక కాలు ముదురు నీలం, ఇంకో కాలు లేత నీలం. కుట్టు మాత్రం భేషుగ్గా ఉంటుంది. నేనూ ఏజెంట్ల ముక్కలకు అలాగే చీటీ పెడతాను, ఏది ఏ మందు వివరాలు చూసి రాసిందో. "ఇది సాఫ్ట్‌వేర్, ప్యాంట్లు కుట్టడం కాదు" అని ఆయన నవ్వాడొకసారి. నవ్వనీ.

ఆ రోజు రెండు చీటీలు కలవలేదు. ఒక ఏజెంటు పాత సీసా పేరు తీసేసి, రెట్టింపు ఘాటున్న కొత్త సీసా పేరు పెట్టింది. ఇంకొకటి మోతాదును పాత సీసా లెక్కలోనే కట్టింది. దేని టెస్టు దానికి పాసే. రెండూ కలిస్తే గొర్రె ఒంట్లోకి రెట్టింపు మందు పోతుంది. నాకు ఒళ్లు మండింది. ఆ యాప్ మొదట చేరే ఫోన్లలో గొర్రెలు కాసే మా నాయన నల్లప్పది కూడా ఉంది.

హనుమంతరాయుడికి ఫోన్ చేసి చెప్పాను.

"రేపు సరిచేద్దాం. ఇప్పుడు పంపించు. లేదంటే నీ ఉద్యోగం గురించి ఆలోచించాల్సి వస్తుంది."

కోపమొస్తే నాకు 'మీరు' అనే మాట నోట్లో నిలవదు. "ఆలోచించుకో సార్. ఈ పొద్దు తాపిన మందు రేపు నువ్వొచ్చి కక్కిస్తావా? నేను పేరు పెట్టను."

"నువ్వు కాకపోతే ఇంకొకరు పెడతారు!"

"ఇంకొకరు యాలప్పా? నీ పేరే పెట్టు సార్. మీ రాప్తాడులోనూ గొర్లుండాయి గదా. అవి సచ్చినాక ఎవురు పంపినారంటే సెప్పేకి బాగుంటాది."

తెర మీద గడి ఖాళీగా ఉంది. ఆయన పేరు కొట్టి నొక్కితే చాలు, యాప్ వెళ్లిపోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. భయమేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

గడి ఖాళీగానే ఉండిపోయింది. చివరికి ఆయన గొంతు వినబడింది, ఇస్త్రీ పోయిన గొంతు.

"సరే, యాడ తప్పుండాదో సూడు. రేపట్నించి మాత్రం ఇట్ల కూకోని సదివేది కుదర్దు."

"రేపూ ఇట్లే సదువుతా సార్" అన్నాను. రెండు ముక్కలనూ ఏజెంట్లకు తిప్పి పంపి, మొదటినుంచి రాయించాను.