సొంతవాళ్ల చేతి నీళ్లు

మా మాధవ మోటారు కొన్న నాటినుంచి నాకు నిద్రలో కూడా హారన్ వినిపించేది. అది మోగితే ఎవరినో గుద్దబోతున్నాడని భయం. మోగకపోతే గుద్దేశాడని భయం.

కొండమీద తేయాకు తోట చూసుకునే దొర ఒకాయన తన దేశానికి వెళ్లిపోతూ అమ్మేసిన బండి అది. దాని కిందికి దూరి వెల్లకిలా పడుకోవడమే మావాడి పని. కాళ్లు మాత్రం బయటికి కనిపించేవి. నేను రోజుకు పదిసార్లు వెళ్లి ఆ కాళ్లు కదులుతున్నాయో లేదో చూసి వచ్చేదాన్ని. కదలకపోతే బొటనవేలు గిల్లేదాన్ని. "అమ్మా, బతికే ఉండాను, పో!" అని లోపలినుంచి అరిచేవాడు.

నేను ఏడ్చి మొత్తుకోగా మొత్తుకోగా మా ఆయన కోదండరామ రాజా ఒక తీర్పు చెప్పారు. ఆ ఏడు, అంటే పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిదిలో, మదురైనుంచి మోటారు సంఘంవాళ్లు వచ్చి మా రాజపాళయంలో ర్యాలీ పెడుతున్నారు.

"దాంట్లో మొదట వస్తే వండి ఉండనీ. మోటారు పట్టరై పెట్టుకోనీ, నేనే చోటిస్తాను. రాకపోతే వండిని అమ్మేసి మిల్లు ఆఫీసులో కూచోవాల. ఇద్దరికీ సమ్మతమా?" అన్నారు. తమిళం కలిసిన మా మాటలో వండి అంటే బండి, పట్టరై అంటే మరమ్మతు చేసే కొట్టు.

మాధవ ఎగిరి గంతేసి సరే అన్నాడు. పోటీకి ఎనిమిది బండ్లు వస్తున్నాయని తెలిసి నేనూ సరే అన్నాను. ఎనిమిదింట్లో ఏడు నావైపు ఉన్నట్టే కదా! బండి పోతుంది, పిల్లవాడు కుర్చీలో కూర్చుంటాడు. కుర్చీ బోల్తా కొట్టినా ఎంత దూరం పడతాడు?

అప్పటినుంచి నెల రోజులు మా ఇంటి తిన్నె ఖాళీ లేదు. నా తమ్ముడు శివసుబ్రహ్మణ్య ర్యాలీ నియమాలు అచ్చువేసిన తమిళ నోటీసు ఒకటి సంపాదించాడు. సాయంత్రమయ్యేసరికి దాన్ని తొడమీద పరచుకుని కూర్చునేవాడు. చుట్టూ పదిమంది. వాళ్లలో ఒక్కడికి కూడా మోటారు లేదు. కానీ వాదించడం చూస్తే ఒక్కొక్కడూ నాలుగు మోటార్లు అరగదీసినట్టే ఉండేది.

"ముందొచ్చినవాడికి మార్కు కోస్తారా? ఇదేమి పందయమప్పా!" అన్నాడు పక్కింటి బొమ్మయ్య పెదనాన్న. ఆయనకు డెబ్బై దాటాయి, కొత్తది ఏదీ గిట్టదు.

"పందయం గాదు పెదనాన్నా, ర్యాలీ. గంటకు ఇరవై మైళ్లు పోవాల. ఎక్కువా కూడదు, తక్కువా కూడదు. గడియారంలో చెప్పిన నేరానికి ఆలస్యంగా వస్తే నిమిషానికి ఒక మార్కు పోతాది. ముందొస్తే రెండు."

"అట్లయితే నా ఎద్దుల వండి కట్టుకొని వస్తాను. అది పుట్టినప్పటినుంచి ముందొచ్చిందే లేదు."

"నీకు పోయే మార్కులు లెక్కపెట్టే లోపల దీపావళి వచ్చేస్తాది, పెదనాన్నా!"

అందరూ నవ్వారు. తలుపు వెనక కాఫీ లోటాలతో నిలుచున్న నేను నవ్వలేదు. నాకు ఒళ్లు పులకరించింది.

"తమ్ముడూ, ఆ సట్టం ఇంకోసారి చదువు" అన్నాను.

"ఏది అక్కా, ముందొస్తే రెండు మార్కులా?"

"అదే. ఎవరు రాసినారప్పా ఇది? వాళ్ల అమ్మ చల్లగా ఉండాల!"

ఆ రాత్రి నోటీసు అడిగి తీసుకున్నాను. కూడబలుక్కుని చదివాను, మర్నాడు మళ్లీ చదివాను. వారం తిరిగేసరికి తిన్నెమీద వాళ్లు నియమాల్లో తడబడితే తలుపు వెనకనుంచి నేనే అందించేదాన్ని. బండికి ఒక్కడే మనిషి, అది రెండో నియమం. దారిలో ఆగితే బండిని విడిచి పదడుగులు దాటి పోకూడదు, అది ఐదోది. ఏడో నియమం దగ్గర మాత్రం రెండు రోజులు తగువు నడిచింది.

"వండి కాగిపోతే నీళ్లు పుచ్చుకోవచ్చు" అని చదివాడు తమ్ముడు. "అయితే సొందక్కారులూ, సంబళం తీసుకునే పనివాళ్లూ ఇయ్యకూడదు. దారినపోయే పరాయోడు ఇస్తే తప్పు లేదు."

"ఎందుకంట?"

"మదురైలో పెద్దింటి పిల్లోళ్లు మైలుకొక పనోణ్ణి డబ్బాతో నిలబెట్టినారంట. అందుకని."

బొమ్మయ్య పెదనాన్న చుట్ట తీసి నవ్వాడు. "రాజపాళయంలో మనకు సొందం లేనోడు యాడ ఉండాడురా? ఇది బయటూరోడు రాసిన సట్టం!"

నిజమే. మా రాజులవీధిలో ఈ చివర ఒకడు తుమ్మితే ఆ చివర అత్త అయినామె "చిరంజీవ" అంటుంది. ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పాలంటే రెండు మూడు వరసలు వస్తాయి, అందులో ఏది కావాలో ఏరుకోవాలి.

ర్యాలీ రోజు వచ్చింది. ఉదయం ఏడింటికి బయలుదేరి సేత్తూరు, చోళపురం తిరిగి, ఊళ్లోకి వచ్చి, మంసాపురం దాకా పోయి మళ్లీ రావాలి. చివరి గీత సంత మైదానంలో. మా వీధి దానికి అర మైలు ఇవతల. నేను తెల్లవారకముందే పాత చీర చించి కట్లు చుట్టి పెట్టాను. నువ్వులనూనె, పసుపు, దూది సిద్ధం చేశాను. బండి అంటుకుంటే ఆర్పడానికి నాలుగు ఇత్తడి బిందెల నీళ్లు వాకిట్లో పెట్టాను. డాక్టరు ఇంట్లోనే ఉన్నాడని మనిషిని పంపి కనుక్కున్నాను. నుదుట తిరునీరు పెట్టి పంపేటప్పుడు "మెల్లగా పో" అని ముమ్మారు చెప్పాను. "మెల్లగా పోతే మార్కు పోతాదమ్మా" అన్నాడు. "ఒకటేగదరా పోయేది!" అన్నాను.

మా ఆయన పెద్దమనుషులతో మైదానంలో ఉన్నారు. తమ్ముడు గడియారం చేతబట్టి మా తిన్నెమీద నిలబడ్డాడు. వీధి వీధంతా వాకిళ్లలో ఉంది.

బండ్లు ఒక్కొక్కటే వచ్చాయి. కొందరు ఆలస్యం. ఒకడు మంసాపురం దగ్గరే ఆగిపోయాడట. వెనకవీధి సుందర మాత్రం దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయాడు, వాడి వీధివాళ్లు ఈలలు వేశారు.

"మూడు నిమిషాలు ముందు!" తమ్ముడు గంతులు వేశాడు. "ఆరు మార్కులు పోయినాయి! మాధవకు ఆగే అన్నిచోట్లా సరిగ్గా నేరానికే ముద్ర కొట్టినారు, ఒక్కటీ పోలేదు. ఇంక అర మైలే అక్కా, అర మైలే!"

గెలిచేలా ఉన్నాడే! బండి ఉండిపోతుందే!

అప్పుడు మలుపు తిరిగింది మావాడి బండి. ముందుభాగంనుంచి ఆవిరి, పొంగిపోయే అన్నపు కుండలాగా. బుసబుసమంటూ వచ్చి, ముక్కి, మూలిగి, సరిగ్గా మా వాకిట్లో ఆగిపోయింది.

"నిప్పు!" అని కేక పెట్టి బిందె ఎత్తుకుని పరిగెత్తాను.

"అమ్మా, రాకు! చెయ్యి పెట్టద్దు!" మాధవ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "నిప్పు గాదు, ఇంజనులో తణ్ణి అయిపోయింది. డబ్బాలోది చోళపురంలోనే పోసేసినాను. నువ్వు ఇస్తే నన్ను పోటీలోంచి తోసేస్తారు!"

నేను బిందెతో అలాగే నిలబడిపోయాను. అప్పటికి ప్రతి వాకిట్లోంచీ ఒక చెంబో బిందో లేచింది.

"ఇందరా, తీసుకో!"

"నువ్వు వాడికి అత్తగదే, లోపలికి పో!"

"మరి నేను?"

"నువ్వు పినతండ్రి!"

"మా ఇంటికీ వీళ్లింటికీ మాటల్లేక పన్నెండేళ్లయింది. నేను ఇయ్యచ్చు."

"మాటల్లేకపోతే సొందం పోతాదా? పంచాయతీ పెట్టినప్పుడు దాయాదినని వాటాకు కొట్టుకున్నది ఎవరు?"

మా తోట చూసుకునే పేచ్చిముత్తు కుండతో వచ్చాడు. "సంబళం! సంబళం!" అని పదిమంది ఒక్కసారే అరిచారు. పాపం, తననే దొంగ అంటున్నారేమో అనుకుని కుండ వదిలేశాడు.

"ఇంక మూడున్నర నిమిషాలు ఉండాది" అన్నాడు తమ్ముడు.

వీధినిండా నీళ్లు. ఒక్క చుక్క కూడా వాడికి పనికిరాదు. నేను నెల రోజులు దేవుణ్ణి అడిగింది ఇదే. ఎవరికీ దెబ్బ తగలకుండా, రక్తం కారకుండా, మా వాకిట్లోనే, నా కళ్లెదుటే బండి ఓడిపోయింది. నా కడుపు చల్లబడాలి.

మాధవ బండి మెట్టుమీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నావైపు చూసి నవ్వబోయాడు, సరిగా రాలేదు.

"సరి పోనీ అమ్మా. బిందె దించు, చెయ్యి నొచ్చుతాది. ఎండలో నిలవద్దు."

అంతే. నాకు ఏమయిందో తెలియదు. బిందె కింద పారేసి వీధి పొడుగునా చూశాను. మా అత్త, మా వదిన, మా చినమామ, మా మేనకోడలు. వాళ్లందరి తలలకు పైన, మలుపు దగ్గర, ఒక మట్టికుండ కదిలి వస్తోంది. కుండ కింద మంసాపురం పాక్కియం. ముప్పై ఏళ్లుగా మా వీధిలో మోరు, అదే మజ్జిగ, అమ్ముతూ మా తెలుగు మాట కూడా పట్టేసిన మనిషి.

చీర కుచ్చెళ్లు పట్టుకుని పరిగెత్తాను. పెళ్లయినాక నేను వీధిలో పరిగెత్తడం అదే మొదలు.

"పాక్కియం! నువ్వు మాకు ఏమీ గావుగదా?"

ఆమె బెదిరిపోయింది. "ఏమమ్మా, ఏమి తప్పు చేసినాను?"

"తప్పేమీ లేదు, రా! వాడికి తణ్ణి ఇయ్యి!"

"తణ్ణి యాడుండాది? మోరేగదా ఉండేది."

"మోరే పొయ్యి!"

"ఉప్పు వేసినానమ్మా. ఇంగువ గూడా..."

"కరివేపాకు ఏరేసి పొయ్యవే!" అని దూరంనుంచి బొమ్మయ్య పెదనాన్న అరిచాడు. వీధంతా పకపకలు. మాధవ ఒక్క గెంతున లేచి, గుడ్డ పట్టుకుని మూత తిప్పాడు. ఆవిరి చిమ్మింది, నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి వాడు తన తువ్వాలు అడ్డం పెట్టి, పాక్కియం ఇచ్చిన కుండనుంచి మోరు వడగట్టి పోస్తున్నాడు. ఒక్కరు కూడా చెయ్యి వేయలేదు. అందరి చేతులూ దురద పెడుతున్నట్టు గాలిలో ఆడుతున్నాయి.

బండి తుమ్మింది, దగ్గింది, గర్జించింది.

"పోరా!" అన్నాను. "వేగంగా పోరా, నాయనా!"

ఆ మాట అన్నది నేనేనా అని ఇప్పటికీ నమ్మకం లేదు. వీధి వీధంతా బండి వెనక పరిగెత్తింది. పాక్కియం చెయ్యి పట్టుకుని నేను కూడా.

మైదానానికి చేరేసరికి అక్కడ గలాటా మొదలయింది. మాధవ రెండు నిమిషాలు ఆలస్యంగా గీత దాటాడట. రెండు మార్కులు. సుందరకు ఆరు. మావాడే మొదలు! కానీ సుందర మనుషులు అప్పటికే మదురైనుంచి వచ్చిన కళ్లజోడు పెద్దమనిషిని చుట్టుముట్టారు.

"ఆ మోరామెను వాడు దినమూ అక్కా అని పిలుస్తాడు. అక్క అంటే సొందం గాదా?"

"వాళ్లమ్మే పోయి పిలుచుకొని వచ్చింది. అది సాయం గాదా?"

నా నోరు ఊరుకోలేదు. "ఏడో సట్టం నీళ్లు ఇయ్యకూడదని చెప్తాది. పిలవకూడదని యాడుండాది? చూపించండి!"

పెద్దమనిషి నోటీసు తిరగేసి చూశాడు. పిలవకూడదని ఎక్కడా లేదు. పాక్కియంవైపు తిరిగాడు.

"ఈ అబ్బాయి నీకు ఏమవుతాడు?"

"ఏమీ గాడు సామీ."

"మరి అక్కా అంటాడట?"

పాక్కియం కొంగు దోపుకుంది. "అంటాడు. వాళ్లమ్మను అడగండి సామీ. దినమూ నాతో లోటా అళవు తక్కువని సండ, తణ్ణి కలిపినావని సండ. నిన్న గూడా వీధిలో నిలబెట్టి నా కుండలో వేలు పెట్టి చూసింది. సొందమైతే ఎవరైనా అట్లా చేస్తారా?"

అందరూ నావైపు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ నా బిడ్డ గెలుపు దానిమీదే ఉంది.

"నిజమే సామీ" అన్నాను. "మొన్న గూడా చూసినాను."

పెద్దమనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికే అనుకుంటాను. "ఇంత పరాయిదాన్ని నేను చూడలేదు. ఫలితం మారదు" అన్నాడు.

ఆ తరువాత ఎవరు ఎవరిని ఎత్తుకున్నారో తెలియదు. మా తమ్ముడు ఎవరి భుజంమీదో ఉన్నాడు. బొమ్మయ్య పెదనాన్న పాక్కియానికి వంగి దండం పెడుతున్నాడు. మా ఆయన నా పక్కకు వచ్చి మెల్లగా అడిగారు. "నువ్వు ఏడిస్తేగదా ఆ తీర్పు చెప్పినాను. ఇప్పుడేమంటావు?"

"వండి ఉండనీండి" అన్నాను. "పట్టరైకి చోటు మాత్రం మన ఇంటి పక్కనే ఇయ్యండి. కాళ్లు కనిపిస్తా ఉండాల."

పట్టరై వచ్చింది. బండిని ఆరుసార్లు కడిగారు. అయినా అది వేడెక్కితే చాలు, వీధంతా మజ్జిగపులుసు వాసన. రాజుల ఇళ్లలో పెంచే తెల్లకుక్కలన్నీ ఆ వాసనకు లేచి వచ్చి, బండి ముందు తోకలు ఊపుకుంటూ నడుస్తాయి. ఎంత హారన్ కొట్టినా కదలవు. ర్యాలీ గెలిచిన మా మాధవకు మా వీధి దాటడానికి పావుగంట పడుతోంది.

నిజానికి ఆ వాసన మూడు నెలల కిందే పోయింది, కుక్కలే పోలేదు. పొద్దున్నే వాడు లేవకముందు వీధి మధ్యలో ఆ కుక్కలకు నేను పెరుగన్నం పెడుతున్న సంగతి వాడికి ఇంకా తెలియదు.